సంజాయిషీ

ఏ.ఈ. గారికి,
గన్నవరం కాలవ, పద్నాలుగో మైలు తూము లస్కరు
పెయ్యల దేవసహాయం రాసుకునేది.

మెమో అందిందండి.
పదకొండో తేదీ రాత్రి తూమొదిలి ఎందుకెళ్ళావన్నారు.
మూడు రోజులు గడువిచ్చారు.
ఈ జవాబు మొదలై తొమ్మిదేళ్ళయింది.

మిలట్రీలో ఉండగా నన్నొక దేశం పంపారు.
దాని పేరు మా పేటలో ఎవరికీ నోరు తిరగలేదు,
నీలంటోపీ దేశం అనేది మా అమ్మ.
ఆ దేశం చుట్టూ ఉన్న నాలుగు దేశాల సిపాయిలు,
వాళ్ళ మధ్య మేం ముప్పైమందిమి, బోర్లేసే దళం.
ఒక వైర్‌లెస్సు, ఐదు భాషలు.
'ఆగు' అన్న మాటొక్కటే
అందరం ఒకేలా నేర్చుకున్నాం.

అక్కడొక బోరు, రెండు తెగలు.
సోమ, బుధ, శుక్ర వాళ్ళవి.
మంగళ, గురు, శని వీళ్ళవి.
వంతులవారీ అంటే ఏమిటో
మీ సర్క్యులరు రాకముందే తెలుసండి నాకు.

కంచె అవతల ఒక తుమ్మచెట్టు.
అక్కడిదాకే మన పని.
దాటితే కాదు,
పెద్దలు కూర్చుని సంతకాలు చేశారు.
నా డ్యూటీ ఆడవాళ్ళని లెక్కెట్టడం.
పొద్దున్న 6.40. పుల్లలకెళ్ళినవారు పదకొండు.
9.15. తిరిగొచ్చినవారు తొమ్మిది.

మధ్యలో ఒక కేక వినబడింది.
నా పక్కన ఒకెల్లో. వాడిది పొరుగుదేశమే,
కేకలో మాట వాడికి తెలిసింది.
ఏమంటుందిరా అంటే చెప్పలేదు,
తుపాకీ బెల్టు సర్దుకున్నాడు. మళ్ళీ సర్దుకున్నాడు.
నా చేతిలో పెన్నుంది.
దస్తూరీ ముత్యాల్లా ఉందని
కెప్టెను మెచ్చుకున్నాడు.

మెడల్ బియ్యం డబ్బాలో ఉంది.
సోల కోసం చెయ్యి పెట్టినప్పుడల్లా
మా ఆవిడకి తగులుతుంటుంది.

సరేనండి, పదకొండో తేదీ.
దాళ్వా చేలు పొట్ట మీదున్నాయి.
ధవళేశ్వరంలో నీళ్ళు లేవన్నారు, శివారుకి రాత్రి పదికొదలమన్నారు.
ఎత్తమని దిగువోళ్ళు, దించమని ఎగువోళ్ళు,
సందేళ నించీ రెండు గట్ల మీదా బీడీలు వెలుగుతున్నాయి.
అందరి చూపూ నా చేతిలో రెంచి మీదే.
పదికి ఎత్తాను.
గేజీ రెండడుగుల మూడంగుళాలు. రాశాను.
అప్పటిదాకా నేను కదల్లేదు.

పదకొండున్నరకి మైలురాయి అవతల కేక.
రాయి దాటితే నా బీటు కాదు.
గుర్రపుడెక్క పేరుకున్న ఆ ముక్క ఎవరి బీటో
నాకూ తెలీదు, మీకూ తెలీదు.
'నాన్నోయ్' అంది ఆ కేక.
ఈసారి భాష నాదేనండి.
అర్థం చెప్పడానికి
పక్కన ఎవరూ అక్కర్లేకపోయింది.

పరిగెత్తాను.
కొల్లాబత్తుల ఏసోబు కొడుకు
పిక్క మీద పారదెబ్బ, బోదెలో పడున్నాడు.
కొట్టినవాడూ అక్కడే, పారొదిలేసి, వణుకుతూ.
వాడికీ ఇంకా మీసం రాలేదు.
లుంగీ చింపి కట్టు కట్టాను.
ఇద్దర్నీ చెరోపక్కా కూచోబెట్టి
మధ్యలో కూచున్నాను.
అంతకన్నా విద్య నాకెవరూ నేర్పలేదు.
అమలాపురం నించి ఆటో వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

రెండోవాడి పేరు అడిగారు. రాయను.
వాడి ఇంటిపేరు కాగితమ్మీద కెక్కితే
తెల్లారేసరికి రెండు పేటల మధ్య కంచె లేస్తుంది.

ఈలోగా ఎవరో షట్టరు దించేశారు, నిజం.
శివారు నలభై ఎకరాలు తడవలేదు, నిజం.
అందులో ఏసోబు చేనూ ఉంది.
మర్నాడొచ్చి నా గుమ్మంలో ఉమ్మేశాడు.
పిల్లాడెలా ఉన్నాడంటే
పద్దెనిమిది కుట్లన్నాడు, మంచినీళ్ళడిగి తాగెళ్ళాడు.

జీతం కోసుకోండి.
పదకొండున్నర నించి ఒంటిగంటా యాభై దాకా
రిజిస్టరులో ఖాళీ ఉందన్నారు, నింపమన్నారు.
నింపిన రిజిస్టరొకటి ఎక్కడో ఉందండి,
ఒక్క గడీ వదల్లేదు దాన్లో.

చివరిగా ఒక మనవి.
రెంచి కూడా పట్టుకుపోయారు.
కొత్తది వచ్చేదాకా ఎత్తలేను, దించలేను.
రెండు గట్లవాళ్ళూ వచ్చి చూసి పోతున్నారు.
నేను తూము మీదే ఉన్నాను.